అండాశయం అంటే ఏమిటి?

మీ పెరట్లో గుమ్మడిపాదు ఉందా? పొద్దున్నే ఆడపువ్వు నొకదాన్ని చూడండి. రేకుల కింద చిన్న ఉండ ఉంటుంది. మనం పిందె అంటాం. వృక్షశాస్త్రంలో దాని పేరు అండాశయం. పుప్పొడి అందితేనే అది కాయవుతుంది. స్త్రీ పొత్తికడుపులో, గర్భసంచికి అటూ ఇటూ బాదంకాయంత ఉండే రెండు అవయవాలకూ అదే పేరు.

అండమంటే గుడ్డు. ఆశయమంటే కోరిక అనుకునేరు! ఇక్కడ 'ఉండే చోటు' అని అర్థం. జలాశయం నీళ్లుండే చోటు కాదూ, అలాగన్నమాట. ఇంగ్లీషులో ఓవరీ అంటారు. అదీ గుడ్డు అని అర్థమిచ్చే 'ఓవమ్' అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే. పేరు ముందే పెట్టారు గాని, క్షీరదాల అండాన్ని కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేయర్ కనుగొన్నది 1827లో, అదీ ఒక కుక్కలో. స్త్రీ అండం మిల్లీమీటరులో పదోవంతే మరి.

"ఆపరేషన్‌లో అండాశయం తీసేస్తారట, ముట్లు ఆగిపోతాయట" అని అక్కచెల్లెళ్లు నన్ను అడుగుతుంటారు. తీయరమ్మా. పిల్లలు చాలనుకున్న వారికి చేసే ట్యూబెక్టమీలో, అండం గర్భసంచికి వెళ్లే సన్నని గొట్టాలను మాత్రమే మూసేస్తారు. అండాశయాలు ఎప్పటిలాగే పనిచేస్తాయి, ముట్లూ వస్తాయి. మగవారి వేసెక్టమీలోనూ అంతే, వృషణాల జోలికి పోరు.