నోట్‌బుక్ ఖాళీగా ఉన్న రోజు ఏం నేర్చుకున్నట్టు?



"మేడమ్, ఈ రోజు మా బాబు నోట్‌బుక్‌లో ఒక్క లైను కూడా లేదేంటండీ?" యూకేజీ తల్లిదండ్రులు గేటు దగ్గర నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఫీజు కట్టేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ నెల దానికి జవాబు రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ మీలాగే అనుకున్నాను. ఒక బాబు స్కేలును తెడ్డులా పట్టుకుని బెంచీ మీద పడవ నడుపుతుంటే, స్కేలు లాక్కుని కూర్చోబెట్టాను. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఆ బాబు అప్పుడే పక్కవాడితో "ఎక్కండి, రేవు దాటిస్తాను" అంటున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు మళ్ళీ మాట్లాడలేదు. అల్లరి అనుకుని నేను ఆపేసింది వాడి మాటల్ని అని ఆలస్యంగా అర్థమైంది.

ఆటలో చదువు ఎక్కడుంది?

పడవ నడిపేవాడు ఎక్కేవాళ్ళతో మాట్లాడాలి, మనుషుల్ని లెక్కపెట్టాలి, అందరూ ఎక్కేదాకా ఆగాలి. "కదలకుండా కూర్చో" అంటే వినని పిల్లలు కూడా ఆటలో పాత్ర కోసం ఓపిగ్గా ఆగుతారు. మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ ఈ విషయం ఎప్పుడో చెప్పారు. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటల ద్వారా నేర్పాలని జాతీయ విద్యా విధానం 2020 కూడా అంటోంది. మన అమ్మమ్మలు ఆడిన గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు ఇవే కదండీ!

ఇంట్లో ఆడించడానికి మూడు ఆటలు

1. పంటు ప్రయాణం: నరసాపురం, సఖినేటిపల్లి మధ్య తిరిగే పంటును గుర్తు చేయండి. చాపే పంటు. ఎదురెదురుగా కూర్చుని చేతులు పట్టుకుని ఊగండి. గోదారి నిదానంగా ఉంటే మెల్లగా, వరదొస్తే గబగబా. "రేవొచ్చింది" అనగానే ఆగిపోవాలి.

2. కడియం మొక్క: పిల్లలు విత్తనంలా ముడుచుకుని కూర్చోవాలి. మీరు నీళ్ళు పోస్తుంటే మొలకెత్తి, చేతులు చాచి, గాలికి ఊగాలి. భుజాలూ చేతులూ ఇలా బాగా కదిలితే రేపు పెన్సిల్ పట్టుకోవడం తేలికవుతుంది.

3. పూతరేకుల కొట్టు: బోర్లించిన గిన్నె మీద తడిబట్ట పరిచి తీయడం, ఆత్రేయపురంలో రేకు తీసినట్టు. పాత పేపరు ముక్కలే రేకులు. మడతపెట్టి అమ్మాలి. "ఒకటి ఎంతండీ? మూడైతే ఎంత?" అని మీరు బేరమాడండి. డబ్బులుగా చింతగింజలు చాలు. ఇంట్లో మరీ చిన్నపిల్లలుంటే నోట్లో పెట్టుకుంటారు, కాగితం ముక్కలే వాడండి.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మధ్యలో తప్పులు దిద్దకండి, ఫోన్‌లో వీడియో తీయకండి. ఇంగ్లీష్ టీచర్‌నే చెబుతున్నాను, ఆ పదిహేను నిమిషాలు "ఇంగ్లీషులో చెప్పు" అని అడగకండి. ఏ భాషలో వస్తే ఆ భాషలో మాట్లాడనివ్వండి.

ఈసారి నోట్‌బుక్ ఖాళీగా వస్తే "ఏం రాశావు?" అనకుండా "ఈ రోజు నువ్వు ఎవరివయ్యావు?" అని అడిగి చూడండి. వచ్చిన జవాబు డైరీలో ఒక్క లైను రాసి పంపితే నాకు సంతోషం.

మీ
యూకేజీ క్లాస్ టీచర్