గబ్బిలాల సంరక్షణ: ఐరోపా ఒప్పందం నుండి ఉత్తర కోస్తా వ్యవసాయానికి పాఠాలు

క్షీరదాలలో నిజంగా ఎగరగలిగినది గబ్బిలం ఒక్కటే. వ్యవసాయ దృష్టితో చూసినపుడు గబ్బిలాలను ఫలభక్షకాలు, కీటకభక్షకాలు అని రెండు వర్గాలుగా గుర్తించవచ్చును. వరి, జీడి, మామిడి, కొబ్బరి ప్రధానంగా సాగయ్యే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతుకు ఈ రెండింటితోను సంబంధం ఉన్నది. అయితే తోటలో కొరికిన పండు తెల్లవారగానే కంటబడుతుంది. రాత్రివేళ వరిపొలం మీద జరిగే పురుగుల వేట ఎవరికీ కనబడదు. ఈ కారణం చేతనే గబ్బిలం చేసే నష్టం లెక్కకు వస్తున్నది, మేలు లెక్కకు రావడం లేదు.

ఐరోపా ఒప్పందం

వలస జంతువుల సంరక్షణకు 1979లో బాన్ నగరంలో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 1983 నుండి అందులో భాగస్వామి. ఈ ఒడంబడిక కిందనే 1991లో లండన్‌లో ఐరోపా గబ్బిలాల సంరక్షణ ఒప్పందం రూపొంది, 1994లో అమలులోకి వచ్చింది. దీనిని ‘యూరోబ్యాట్స్’ అని వ్యవహరిస్తారు. ముప్ఫైకి పైగా దేశాలు ఇందులో చేరాయి.

ఈ ఒప్పందానికి మూలకారణం సరళమైనది. నథూసియస్ పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం బాల్టిక్ ప్రాంతం నుండి నైరుతి ఐరోపాకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వలస పోతుంది. ఒక దేశంలో రక్షణ పొందిన జీవి పొరుగు దేశంలో ఆవాసం కోల్పోతే మొదటి దేశపు శ్రమ వృథా అవుతుంది. కనుక సభ్య దేశాలు గబ్బిలాలను చంపడాన్ని నిషేధించడం, ముఖ్యమైన ఆవాసాలను గుర్తించి కాపాడడం, భవనాల కలపకు వాడే మందుల వలన వాటికి హాని కలగకుండా చూడడం, ఒకే పద్ధతిలో గణన జరపడం బాధ్యతగా స్వీకరించాయి. చాలా జాతులలో ఆడ గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఒకసారి తగ్గిన సంఖ్య తిరిగి పెరగడానికి దీర్ఘకాలం పడుతుంది.

వరి పంటకు మేలు

స్పెయిన్‌లోని ఎబ్రో డెల్టా వరి పండే ప్రాంతం. అక్కడ పొలాల వెంబడి చెక్కపెట్టెలు అమర్చగా సోప్రానో పిపిస్ట్రెల్ గబ్బిలాలు వాటిలో స్థిరపడ్డాయి. క్రమంగా వరి కాండం తొలిచే పురుగు ఉధృతి తగ్గినట్లు పరిశోధకులు నమోదు చేశారు. థాయ్‌లాండ్‌లో గుహలలో నివసించే ముడుత పెదవి గబ్బిలం తెల్లమచ్చ దోమను తింటుంది. ఈ ఒక్క జాతి ఆ దేశంలో ఏటా సుమారు 2,900 టన్నుల ధాన్యం నష్టాన్ని నివారిస్తున్నదని 2014లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది.

కాండం తొలిచే పురుగు, సుడిదోమ ఉత్తర కోస్తా వరికి కూడా ముఖ్యమైన చీడలే. కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగులు రాత్రివేళనే సంచరిస్తాయి. అయితే విదేశీ ఫలితాలను యథాతథంగా అన్వయించరాదు. ఇక్కడి జాతులు వేరు, ఎండ తీవ్రత వేరు. పెట్టెల పద్ధతి ఇక్కడ పనిచేస్తుందో లేదో రాగోలు వంటి పరిశోధనా స్థానాల పొలాలలో పరీక్షించిన పిమ్మటనే సిఫారసు చేయడం తగును.

ఉత్తర కోస్తాలో ఆవాసాలు

పెద్ద ఫలభక్షక గబ్బిలాలు మర్రి, రావి, చింత వంటి మహావృక్షాలపై గుంపులుగా వేలాడుతాయి. కీటకభక్షకాలు గుహలు, పాత కట్టడాలు, గోడల పగుళ్లను ఆశ్రయిస్తాయి. విజయనగరం జిల్లాకు పొరుగున ఉన్న బొర్రా గుహలలో గబ్బిలాలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల వెలుతురు, సందడి ఎంతవరకు అనుమతించవచ్చుననేది పర్యాటక శాఖతో కలిసి ఆలోచించవలసిన విషయం.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఈ జిల్లాలలో చెట్లను విస్తారంగా కూల్చివేశాయి. తిత్లీకి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తోటను తిరిగి నాటవచ్చును. గుంపుకు ఆశ్రయమిచ్చే మర్రి ఎదగడానికి ఒక తరం పడుతుంది. కనుక తుపానులకు నిలిచిన వృక్షాలను రహదారి విస్తరణలోనో, కలప కోసమో పోగొట్టుకోకుండా చూడడం అవసరం.

ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో గ్రామస్థులే నత్తగుల్ల కొంగలను కాపాడుకుంటున్నారు. గ్రామం ఆదరిస్తే ఆవాసం నిలుస్తుందనడానికి ఇది నిదర్శనం. అశుభమనే నమ్మకం వలన గబ్బిలానికి అటువంటి ఆదరణ లభించలేదు.

చట్టం, నష్టం, ఆరోగ్యం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఫలభక్షక గబ్బిలాలను హానికర జంతువుల షెడ్యూలులో చేర్చింది. 2022 సవరణతో ఆ షెడ్యూలే తొలగిపోయింది. సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది.

అయినను రైతు నష్టాన్ని తక్కువ చేసి చూపరాదు. జామ, సపోటా, మామిడి తోటలలో పండ్లకు సంచులు తొడగడం, గబ్బిలాలు చిక్కుకోని విధంగా వలను బిగువుగా కట్టడం, పక్వానికి రాగానే కోయడం ఆచరణీయ మార్గాలు. మరొకవైపు ఈ జీవులే ఇప్ప వంటి చెట్ల పరాగ సంపర్కానికి, అడవి చెట్ల విత్తన వ్యాప్తికి తోడ్పడుతున్నాయి.

నిపా వైరస్‌కు ఫలభక్షక గబ్బిలాలు సహజ ఆశ్రయాలు. 2018లో కేరళలో ఈ వ్యాధి ప్రాణాలు బలిగొన్నది. కొరికిన పండ్లను తినరాదు, పశువులకు వేయరాదు. తాటి, ఈత చెట్లకు కట్టిన కల్లు కుండలను, గీత భాగాన్ని కప్పి ఉంచాలి. గబ్బిలాలను చేతితో తాకరాదు. గుంపులను చెదరగొట్టినందువలన ముప్పు తొలగదు; అవి వేరొక గ్రామానికి చేరతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ప్రతి మండలంలో ఆవాస వృక్షాలను, గుహలను, పాత కట్టడాలను గుర్తించి పటంపై నమోదు చేయాలి.
2. సూర్యాస్తమయ వేళ గుంపు బయలుదేరునపుడు ఏటా ఒకే నెలలో, ఒకే పద్ధతిలో గణన చేయాలి. నైరా వ్యవసాయ కళాశాల విద్యార్థులకు ఇది తగిన క్షేత్ర అభ్యాసం.
3. ఆవాసానికి దగ్గరగాను, దూరంగాను ఉన్న వరిపొలాలలో లింగాకర్షక బుట్టలలో పడిన రెక్కల పురుగుల సంఖ్యను పోల్చాలి.
4. అవసరం లేని పురుగుమందుల పిచికారీని తగ్గించే సమగ్ర సస్యరక్షణలో గబ్బిలాల పాత్రను బోధించాలి.
5. పెద్ద గబ్బిలాలు మేత కోసం ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరుగుతాయి. ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా వస్తుంది. కనుక రెండు రాష్ట్రాల వ్యవసాయ, అటవీ శాఖలు గణన వివరాలను పరస్పరం అందించుకోవాలి.

ఐరోపాలో అనేక దేశాలు, భాషలు, చట్టాలు ఉన్నను ఒకే పట్టికలో లెక్కలు వ్రాసుకోవడం సాధ్యమైంది. ఇక్కడ దాటవలసినది రెండు రాష్ట్రాల సరిహద్దు మాత్రమే. మొదటి గణన జరిగితే ఏ చెట్టును తప్పక నిలపాలో, ఏ తోటకు వల కావాలో ఆధారంతో చెప్పగల స్థితి ఏర్పడుతుంది.