పాట రాసేవారి హక్కులు



సినిమా పాటలో కళ, వ్యాపారం మొదట ఎదురుపడేది ఒప్పంద పత్రం మీదే. పాట ఎన్నేళ్లు జనం నోట నిలిచినా, రాసినవారికీ బాణీ కట్టినవారికీ డబ్బు ఒక్కసారే ముడితే, ఇల్లు గడవడానికి వారు వెంటనే మరో పాట ఒప్పుకోక తప్పదు. పాత పాట మీద కొంత రాబడి వస్తూ ఉంటే, నచ్చని పనిని కాదనే ధైర్యం ఉంటుంది. కళాకారుడి స్వేచ్ఛకు రాయల్టీ ఆధారం కావడం ఇలాగే.

ఈ హక్కు సులువుగా రాలేదు. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హక్కులు ఆడియో కంపెనీలకు చేరేవి; రేడియోలో, హోటళ్లలో పాట మోగుతున్నా రచయితకు తరచూ ఏమీ దక్కేది కాదు. గేయ రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా దీనిపై గట్టిగా పోరాడారు. 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది.

ఆ సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం మినహా మిగతా వాడకాలన్నిటిపై వచ్చే రాయల్టీలో రచయితకూ సంగీత దర్శకుడికీ హక్కులు పొందినవారితో సమానంగా వాటా ఉంటుంది. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ దాన్ని రాసివ్వడం కుదరదు. వదులుకున్నట్టు సంతకం చేసినా చెల్లదు. ఈ రాయల్టీని వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. అందులో సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ నమోదు చేయాలి.

ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అందుకే కంపెనీలు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాయించుకుంటాయి. సంతకానికి ముందు ఆ రెండు మాటల దగ్గర ఆగి, బేరమాడాలి.

నిర్మాత పెట్టుబడి పెట్టి నష్టభయం మోస్తాడు. సందర్భానికీ పాత్రకూ తగిన పాట అడగడం న్యాయమే. సినిమా పాట పుట్టేదే ఆ హద్దుల్లో. అయితే హక్కులన్నీ అమ్మేశాక కూడా పాట మీద పేరు కోరే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకే ఉంటాయి. బేరం పారితోషికం దగ్గర సాగవచ్చు, పేరు దగ్గర సాగకూడదు.

ఆశీస్సులతో,
బాబాయి