వేణువు: వెల, విలువ

నిరుడు ఒక మధ్యాహ్నం ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు స్టాఫ్ రూముకు వచ్చి, ఒక పిల్లనగ్రోవిని నా బల్లమీద ఉంచాడు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి సార్. ఆరు నెలలనుంచి ఊదుతున్నాను. పాట వచ్చినట్లే వచ్చి మధ్యలో చెడిపోతున్నది. నాకు స్వరజ్ఞానం లేదు" అన్నాడు. ఆత్మకూరు సమీపంలోని అనుమసముద్రంపేట దర్గా గంధోత్సవంలో కొన్న పిల్లనగ్రోవి అది. వెల యాభై రూపాయలు.

నేను సంగీత విద్వాంసుడను కాను. తెలుగు పాఠం చెప్పేవాడిని. అయినా కొన్ని సంవత్సరాలుగా వేణువుతో పరిచయం ఉన్నది. సెల్‌ఫోనులో తంబుర శ్రుతి పెట్టుకొని ఆ వెదురును ఊది చూచాను. షడ్జమం కుదిరింది. గాంధారం అటు సాధారణమూ కాక, ఇటు అంతరమూ కాక మధ్యలో నిలిచింది. పంచమం కొంచెం హెచ్చు. తారస్థాయి షడ్జమం స్పష్టంగా తగ్గు. ఆ వేణువుమీద అభ్యాసకుడెవరికీ పాట సరిగా పలకదు. ఆరు నెలలు ఊది, ఏదో తప్పుతున్నదని గ్రహించిన బాలునికి స్వరజ్ఞానం లేదనడం న్యాయమా? ఆ జ్ఞానమే లేకపోతే అతడు ఆ తప్పుడు గాంధారంతోనే తృప్తిపడి ఉండేవాడు.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. అతని వయస్సులో నా చేతిలోనూ అటువంటి వెదురే ఉండేది. నా చెవి మంచిది కాదని పెద్దలొకరు తీర్పు చెప్పగా దాన్ని అటకమీద పెట్టాను. ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టలులో మిత్రుడొకడు తన వేణువును నా చేతికిచ్చినప్పుడు, పది నిమిషాలలో నా చెవి దోషం లేనిదని తేలింది. మధ్యలో పోయిన సంవత్సరాలు మాత్రం తిరిగి రాలేదు.

ఈ ఏడు మన కళాశాల సాంస్కృతిక సంఘానికి వేణువులు కొనాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కమిటీ సభ్యులలో రెండు అభిప్రాయాలు వెలువడ్డాయి. చవక వేణువులు ఇరవై కొంటే ఇరవైమంది నేర్చుకుంటారని కొందరు, చవక వస్తువు వృథా కనుక ఖరీదైనది ఒక్కటి కొంటే చాలునని కొందరు అన్నారు. రెండు వాదాలలోనూ కొంత సత్యమున్నది. ఏది ఎంతవరకు సత్యమో తెలుసుకోవాలంటే ముందుగా వేణువు ఎట్లా పలుకుతుందో తెలుసుకోవాలి.

తగరపు ఈల కథ

చవక వాద్యమంటే చెడ్డ వాద్యమని అర్థం కాదు. ఇందుకు పాశ్చాత్య దేశాలలోని టిన్ విజిల్, అనగా తగరపు ఈల, మంచి నిదర్శనం. 1843లో ఇంగ్లాండులోని సఫోక్ ప్రాంతానికి చెందిన రాబర్ట్ క్లార్క్ తగరం పూసిన ఇనుప రేకును గొట్టంగా చుట్టి, ఆరు రంధ్రాలు వేసి, కొసలో కొయ్య దిమ్మె అమర్చి ఈలలు చేసి అమ్మసాగాడు. అతి తక్కువ వెలకు దొరికేది కనుక దానికి పెన్నీ విజిల్ అనే పేరు స్థిరపడింది. ఐర్లాండు జానపద సంగీతానికి అది ప్రాణమైంది. 1950 దశకంలో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గు వీధులలో పేద నల్లజాతి బాలురు దానిమీద క్వేలా అనే సంగీతరీతిని సృష్టించారు. స్పోక్స్ మషియానే వంటి కళాకారులు ఆ ఈలతోనే కీర్తి పొందారు. 1970 దశకంనుంచి బెర్నార్డ్ ఓవర్టన్ వంటి పనివారు చేతితో చేసిన ఖరీదైన ఈలలూ వచ్చాయి. అయినా చవక ఈల స్థానం చెక్కుచెదరలేదు.

మరి మన చవక వెదురు అంత నమ్మకంగా ఎందుకు పలకదు? కారణం సులభం. రేకు గొట్టం ఒకే కొలతతో తయారవుతుంది. ఒక ఈలకు సరిపడిన రంధ్రాల దూరం, అదే కొలతగల తక్కిన ఈలలకూ దాదాపు సరిపోతుంది. వెదురు అట్లా కాదు. ఏ రెండు బొంగులకూ లోపలి బోలు ఒక్కటిగా ఉండదు; ఒకదాని గోడ దళసరి, మరొకదాని గోడ పలచన. సంతకు తెచ్చే వేణువులకు సాధారణంగా ఒకే కొలబద్ద పెట్టి వరుసగా రంధ్రాలు కాలుస్తారు. బోలు ఆ కొలబద్దకు అనుకూలించినది పలుకుతుంది, అనుకూలించనిది తప్పుతుంది. అనగా సంత వేణువు చెడ్డదని నిశ్చయం లేదు, మంచిదనీ నిశ్చయం లేదు. అది లాటరీ టిక్కెట్టు వంటిది.

ఊపిరి స్వరంగా మారే విధం

మౌలానా రూమీ తన మస్నవీని రెల్లు వేణువు విలాపంతో ప్రారంభించిన సంగతి మన ఉర్దూ విద్యార్థులందరికీ తెలిసినదే. ఆ విలాపానికి భౌతికశాస్త్రం చెప్పే కారణం ఇది. ఊపిరి ముఖరంధ్రపు అంచును తాకి రెండు పాయలుగా చీలి, గొట్టంలోని గాలిస్తంభాన్ని కంపింపజేస్తుంది. ఆ స్తంభం పొడవు పెరిగితే స్వరం తగ్గుతుంది. పొడవు తగ్గితే స్వరం హెచ్చుతుంది. వేళ్లు తీసి మూయడమంటే ఆ పొడవును మార్చడమే. అందువల్ల రంధ్రం ఉన్న చోటే కాక దాని వెడల్పు, గోడ దళసరి, బోలు విస్తీర్ణం కూడా స్వరాన్ని నిర్ణయిస్తాయి. ముఖరంధ్రానికి ఆవలి వైపున మూసిన కొస ఎంత దూరంలో ఉన్నదన్నదానిమీద మధ్య, తారస్థాయిల పొందిక ఆధారపడుతుంది. ఆ దూరం సుమారు బోలు వెడల్పంత ఉండడం పరిపాటి. బిరడా ఉన్న వేణువులో దీన్ని కొంచెం సర్దవచ్చు. వెదురు కణుపే మూతగా ఉన్నప్పుడు సర్దడం సాధ్యం కాదు.

ఇక్కడ చాలామందిని భ్రమింపజేసే విషయం ఒకటున్నది. సంతలో వేణువులు అమ్మేవాడు సినిమా పాటను ఎంతో తీయగా వాయిస్తాడు. మనం ముచ్చటపడి అదే వేణువును కొని ఇంటికి తెస్తే అది పలకదు. అతడు మోసం చేయలేదు. అడ్డంగా పట్టి ఊదే వేణువులో పెదవిని రంధ్రంమీదికి కొంచెం వంచితే స్వరం దిగుతుంది, వెలుపలికి తిప్పితే ఎక్కుతుంది. ఏండ్ల తరబడి ఊదినవాడు తనకు తెలియకుండానే వెదురు తప్పును పెదవితో దిద్దుకుంటాడు. కొత్తవానికి ఆ విద్య లేదు. కనుక లోకం అనుకునేదానికి విరుద్ధంగా, దోషంలేని వాద్యం గురువుకంటె శిష్యునికే ఎక్కువ అవసరం. 'నేర్చుకునేవాడికి ఏదైతేనేమి' అనే మాటలో ఉన్న పొరపాటు ఇదే.

అధిక వెల దేనికి?

ఉదయగిరివారికి ఈ విషయం వేరే చెప్పనక్కర లేదు. మన ఊరి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు భౌగోళిక గుర్తింపు పొంది దూరదేశాలకు పోతున్నాయి. దుర్గం కొండల పరిసరాలలో దొరికే నర్ది, బిక్కి వంటి కలపతో వాటిని చేసే కుటుంబాలలో మన ముస్లిం కుటుంబాలే ఎక్కువ. చెంచా వెలలో కలప వెల కొంత, దాన్ని ఎంచి ఆరబెట్టిన కాలానికి కొంత, చేతి పనికి కొంత. పైన చెక్కిన పువ్వుకు మరికొంత. పువ్వు అందమైనదే కాని, కూర కలిపేది పువ్వు కాదు.

వేణువుకూ ఇదే లెక్క. తిన్నని వెదురును ఎంచి, నెలల తరబడి నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క రంధ్రాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ ఊది శ్రుతి చూచి చేసినవానికి న్యాయంగా ఎక్కువ వెల ఇవ్వాలి. అది పలుకుకు ఇచ్చే వెల. రంగు దారం, ఇత్తడి కట్టు, మఖమలు పెట్టె, దుకాణం పేరు అనేవి అలంకారానికి ఇచ్చే వెల. ఒకసారి నేను పట్టణంలోని ఒక దుకాణంలో రెండో రకం వెల ఇచ్చి మొదటి రకం సరుకు వచ్చిందనుకున్నాను. దాని గాంధారం నా చిన్ననాటి గాంధారమే! ఎక్కువ వెల మంచి వేణువుకు హామీ కాదు.

గొప్ప విద్వాంసుల చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. కర్ణాటక సంగీతంలో వేణువును కచేరీ వాద్యంగా నిలిపిన శరభశాస్త్రిగారు, బాల్యంలోనే కచేరీలతో లోకాన్ని ఆశ్చర్యపరచిన టి.ఆర్. మహాలింగంగారు వాయించింది అలంకారంలేని వెదురునే. హిందుస్తానీలో పన్నాలాల్ ఘోష్‌గారు వివిధ పదార్థాలతో, కొలతలతో ప్రయోగాలు చేసి, చివరకు సుమారు 32 అంగుళాల పొడవైన వెదురు వేణువును ఎన్నుకున్నారు. మన పొరుగున కరవదిలో 1924లో జన్మించి, నాదస్వరంలో అఖండ కీర్తి గడించి, 1977లో పద్మశ్రీ అందుకున్న షేక్ చినమౌలానాగారి వాద్యం వంటి నాదస్వరాన్ని చూచినవారికి దాని పక్కన దారాలకు వేలాడే అదనపు పీకలు గుర్తుంటాయి. పలికే పీకను పరీక్షించి ఎన్నుకోవడం విద్వాంసుని పనిలో భాగమే.

కొనేముందు ఆరు పరీక్షలు

మొదటిది: కంటి పరీక్ష. వెదురు తిన్నగా ఉండాలి. వెలుతురుకు పెట్టి చూస్తే బోలు గుండ్రంగా, నునుపుగా కనిపించాలి. వెంట్రుకవాసి బీటనైనా ఉపేక్షించరాదు. పచ్చిదనం పోని వెదురు తరువాత ముడుచుకొని శ్రుతి మార్చుతుంది.

రెండవది: చేతి పరీక్ష. అన్ని రంధ్రాలూ వేళ్ల కండతో శ్రమలేకుండా మూతపడాలి. మొదట నేర్చేవారు మరీ పొడవైన వేణువు కొనరాదు. కర్ణాటక పద్ధతికి ముఖరంధ్రం కాక ఎనిమిది రంధ్రాలదీ, హిందుస్తానీ పద్ధతికి ఆరు లేక ఏడు రంధ్రాలదీ తీసుకోవాలి. గురువు పద్ధతిని బట్టి ఇది ముందే నిశ్చయించుకోవాలి.

మూడవది: షడ్జమ పరీక్ష. రెండు నిమిషాలు ఊది వేణువును వెచ్చబరచి, తరువాత ఫోనులోని తంబురను వేణువు షడ్జమానికి సరిచేయాలి. ఎనిమిది రంధ్రాల వేణువులో పైరెండు మూస్తే షడ్జమం. ముందే పెట్టిన తంబురకు వేణువు కలవలేదని వెంటనే తోసివేయరాదు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల వద్ద సుమారు 355 మీటర్లు. ఆ తేడా అర్ధస్వరంలో సగానికి మించినది. ఊపిరి వెచ్చదనంవల్ల వేణువులో అంత తేడా రాకపోయినా, ఉదయగిరి వేసవి మధ్యాహ్నపు షడ్జమం తెల్లవారుజామున ఉండదు.

నాలుగవది: స్వరాల పొందిక. తంబుర మ్రోగుతుండగా పంచమం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం నిలిపి ఊదాలి. తంబురతో కలిసిన స్వరం నిశ్చలంగా ఉంటుంది. తప్పినది అలలు అలలుగా కొట్టుకుంటుంది. ఈ అలలను వినడానికి సంగీతశాస్త్రం చదివి ఉండనక్కర లేదు.

ఐదవది: స్థాయి పరీక్ష. మధ్యస్థాయి షడ్జమం ఊది, వేళ్లు కదపకుండా ఊపిరిని బిగించి తారషడ్జమం పలికించాలి. రెండూ ఒకే స్వరంగా వినబడాలి. చవక వేణువులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే.

ఆరవది: ఊపిరి పరీక్ష. అన్ని రంధ్రాలు మూసి మెల్లగా ఊదినా అడుగు స్వరం పలకాలి. బలంగా ఊదితేనే పలికే వేణువు నేర్చేవానికి తలతిరుగుడు తప్ప మరేమీ ఇవ్వదు.

ఈ పరీక్షలు పెట్టుకొని నేను ఈ సంవత్సరం గంధోత్సవంలో ఒక అమ్మకందారుని అనుమతితో నలభై వేణువులు ఊది చూచాను. మూడు నిలిచాయి. వాటి వెల తక్కినవాటి వెలే! అడిగినదానికంటె కొంచెం ఎక్కువే ఇచ్చి మూడూ కొన్నాను. అతని సాయంత్రపు బేరంలో ఒక గంట నేను తీసుకున్నాను గదా.

కమిటీవారికి మనవి

పరీక్షించని ఇరవై వేణువులు కొనవద్దు. వాటిలో ఎక్కువభాగం పలకకపోతే నష్టం డబ్బుతో పోదు. తమకు సంగీతం రాదనే నమ్మకంతో పిల్లలు వెనుదిరుగుతారు. ఖరీదైనది ఒక్కటే కొని బీరువాలో పెట్టనూ వద్దు. అలంకారం లేక, శ్రుతి సరిచూచి చేసిన మధ్యరకం వేణువులు, అన్నీ ఒకే శ్రుతిలో, ఉన్న సొమ్ముకు ఎన్ని వస్తే అన్ని కొనవచ్చు. ఒకే శ్రుతి అయితే పదిమందీ కలిసి అభ్యసించగలరు. సొమ్ము చాలకపోతే పి.వి.సి. గొట్టంతో చేసిన వేణువులను చిన్నచూపు చూడవద్దు. వాటి బోలు సమానం కనుక కొలత సరిగా ఉన్నవి నమ్మకంగా పలుకుతాయి, ఎండకు చీలవు. నాదంలో వెదురు మాధుర్యం లేకపోయినా అవి స్వరస్థానం తప్పు నేర్పవు. ఎక్కడ కొన్నా ఒకరు స్వయంగా వెళ్లి, ఊది చూచి తేవాలి.

విద్యార్థులారా! మీలో ఎవరైనా వేణువును అటకమీద పెట్టి ఉంటే దించండి. దుమ్ము తుడిచి స్టాఫ్ రూముకు తీసుకురండి. ముందు వెదురును పరీక్షిద్దాము. మీ సంగతి తరువాత.

ఆ బాలునికి నలభైలో నిలిచిన మూడింటిలో ఒకటి ఇచ్చాను. వారం తరువాత అతడు మళ్ళీ వచ్చాడు. పాట ఏదీ వాయించలేదు. గాంధారం ఒక్కటి చాలాసేపు నిలిపి, "ఇదే సార్, నేను అప్పట్లో వెతికింది" అన్నాడు.