పితృత్వ నిర్ణయం: వివాహబంధం లేని తల్లిదండ్రుల సంతానం

తల్లి ఎవరన్నది జననమే రుజువు చేస్తుంది. తండ్రి ఎవరన్నది మాత్రం పలు సందర్భాలలో చట్టమే నిర్ణయించవలసి వస్తుంది. తల్లిదండ్రులు వివాహితులైతే చిక్కు లేదు. చెల్లుబాటయ్యే వివాహకాలంలో గాని, అది రద్దయిన 280 దినాలలోపల తల్లి పునర్వివాహం చేసుకొనకముందు గాని జన్మించిన బిడ్డను ఆ భర్త ధర్మజ సంతానంగానే పరిగణించాలని 1872 నాటి సాక్ష్య చట్టం, 112వ సెక్షన్ నిర్దేశించింది. ఆ కాలంలో దంపతులు కలిసికొనే అవకాశమే లేదని రుజువు చేసినప్పుడే దీనికి మినహాయింపు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 116వ సెక్షన్ ఈ సూత్రాన్నే నిలుపుకొన్నది.

మరి వివాహమే జరగనప్పుడు ఆ బిడ్డ గతి ఏమిటి? ఇక్కడ మనం రెండు ప్రశ్నలను వేరుచేసి చూడవలసి ఉన్నది. బిడ్డ జన్మకు కారకుడెవరు అన్నది మొదటిది. బిడ్డ ధర్మజ సంతానమా, కాదా అన్నది రెండవది. ఈ రెంటినీ కలగాపులగం చేసినప్పుడు నష్టపోయేది బిడ్డయే.

మనోవర్తికి మొదటి ప్రశ్న తేలితే చాలును. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 125వ సెక్షన్ ధర్మజ, అధర్మజ భేదం పాటించక బిడ్డ పోషణభారాన్ని తండ్రిపై ఉంచింది. నేడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లో ఈ నియమం కలదు. ఏ మతస్థులకైనా ఇది సమానమే. తండ్రి కాదన్నచో ఉత్తరాలు, ఇరుగుపొరుగువారి సాక్ష్యం, ఆసుపత్రి రికార్డుల వంటివాటిని మేజిస్ట్రేటు పరిశీలించవచ్చును. రక్తపరీక్షను మామూలుగా ఆదేశించరాదని 1993లో గౌతమ్ కుందూ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. కాని కోర్టు ఆదేశించిన డి.ఎన్.ఏ. పరీక్షను నిరాకరించిన పక్షానికి ప్రతికూలంగా భావించే వీలున్నది.

వారసత్వం వద్ద రెండవ ప్రశ్న ఎదురౌతుంది. ముస్లిం ధర్మశాస్త్రంలో తండ్రి చేసే ఇక్రార్, వివాహం జరిగినదీ లేనిదీ తేలని సందర్భంలో నసబ్‌ను స్థిరపరుస్తుంది. వివాహం లేదని రుజువైన చోట అది చెల్లదు. హనఫీ సంప్రదాయంలో అట్టి బిడ్డకు తల్లి వైపు వారసత్వం మాత్రమే లభిస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం, 16వ సెక్షన్ చెల్లని వివాహాల బిడ్డలను ఆదుకొన్నది గాని, వివాహమే లేని చోట ఆ రక్షణ వర్తించదు. అయితే దీర్ఘకాలం భార్యాభర్తలుగా జీవించినవారికి వివాహం జరిగినట్లే భావించవలెనని 1978లో బద్రీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తెలిపింది. బాధ్యత గుర్తెరిగిన తండ్రి వీలునామా కూడా వ్రాయవచ్చును. ముస్లిం అయినచో సాధారణంగా ఆస్తిలో మూడవ వంతు వరకు అట్లు ఇవ్వగలడు.

అవివాహిత మాత తండ్రి పేరు వెల్లడించకుండానే సంరక్షకత్వం కోరవచ్చునని, ఆమె అఫిడవిట్ ఇచ్చినచో జనన ధృవపత్రం జారీ చేయవలెనని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మనలో కొందరు రేపు న్యాయవాదులు, ఉపాధ్యాయులు, కార్యాలయోద్యోగులు కానున్నారు. మన బల్లమీదికి వచ్చే దరఖాస్తులో తండ్రి పేరు లేనంత మాత్రాన ఆ బిడ్డను త్రిప్పిపంపరాదు. పెద్దల నడవడికి పిల్లలు బాధ్యులు కారు. ఈ సత్యాన్ని చట్టం క్రమక్రమంగా గుర్తిస్తున్నది. మనమూ గుర్తించుట మన విద్యకు శోభ.