పోటీ పరీక్షల ప్రత్యేకం: బ్యాటరీ లేని ఫాస్టాగ్ పనిచేసేదెలా?

దుర్గి శిల్పులు చెక్కిన విగ్రహంతో గుంటూరు మీదుగా విజయవాడ వెళ్లే లారీకి 16వ నంబరు జాతీయ రహదారిపై కాజ టోల్‌ప్లాజా తగులుతుంది. ముందు అద్దానికి లోపల అంటించిన ఫాస్టాగ్‌లో నలుసంత చిప్, సన్నని లోహపు యాంటెన్నా ఉంటాయి. బ్యాటరీ ఉండదు. టోల్‌ప్లాజాలోని రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే చిప్ శక్తి తీసుకుని, తన గుర్తింపు సంఖ్యను తిప్పి పంపుతుంది. ఇదే రేడియో ఫ్రీక్వెన్సీ ఐడెంటిఫికేషన్, పొట్టిగా ఆర్‌ఎఫ్‌ఐడీ.

బార్‌కోడ్‌లా ఇది స్కానర్ కంటికి కనబడనక్కర్లేదు. లోహం మాత్రం అడ్డు. అందుకే ట్యాగ్ అద్దంపైనే ఉండాలి.

అభ్యర్థులు తడబడే చోటు ఒకటుంది: డబ్బు ట్యాగ్‌లో ఉండదు, దానికి అనుసంధానించిన ఖాతాలో ఉంటుంది. జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది. దీని వెనకున్న నేషనల్ ఎలక్ట్రానిక్ టోల్ కలెక్షన్ (ఎన్‌ఈటీసీ) చెల్లింపుల వ్యవస్థను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఎన్‌పీసీఐ) రూపొందించింది.

ఫాస్టాగ్‌ది అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ (యూహెచ్‌ఎఫ్) శ్రేణి, కొన్ని మీటర్ల దూరం నుంచే చదవొచ్చు. మెట్రో స్మార్ట్‌కార్డు, ఈ-పాస్‌పోర్ట్‌లది 13.56 మెగాహెర్ట్జ్, దగ్గరగా పెట్టాల్సిందే. పశువుల గుర్తింపు చిప్‌లకు 134.2 కిలోహెర్ట్జ్ ప్రమాణం. ఇక ట్యాగ్‌లో బ్యాటరీ ఉంటే యాక్టివ్, లేకుంటే పాసివ్. ప్రశ్నపత్రంలో ఫాస్టాగ్ కనిపిస్తే పాసివ్ అనే గుర్తించండి.