తువాలు కింద బేరం

గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు గుమస్తాగా చేసి, ఇప్పుడు ఊళ్లో నాలుగెకరాలు చూసుకుంటున్నవాణ్ణి. నాకు తెలిసింది ఇది.

1. మా చిన్నప్పుడు ఒంగోలు గిత్త ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. తువాలు కింద వేళ్లు పట్టుకుని తేల్చుకునేవాళ్లు. చుట్టూ వందమంది ఉన్నా మూడోవాడికి తెలిసేది కాదు. మొన్న పంట నష్టం క్లెయిము గురించి ఒక బీమా కంపెనీ మెయిలు పంపింది. తెరిస్తే ఎక్సెల్ షీటు. మా ఊరి నలభై ఒక్క మంది పేర్లు, ఆధార్, సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరికెంత వస్తుందో కూడా. అందరికీ అదే మెయిలు. మా పక్కింటాయన అన్నదమ్ములకి చెప్పకుండా కొన్న రెండెకరాలు సర్వే నంబరుతో సహా అందులో ఉన్నాయి. సాయంత్రానికి వాళ్లింట్లో కేకలు వినబడ్డాయి.

2. కంపెనీకి ఫోను చేస్తే, "పాస్‌వర్డు పెట్టాం కదండీ" అంది అక్కడి అమ్మాయి. పెట్టారు తల్లీ, అదే మెయిల్లో కింద రాసి పెట్టారు. కొట్టుకి తాళం వేసి చెవి గొళ్లేనికే తగిలించినట్టు. పాస్‌వర్డు వేరే దారిన, మనిషి మనిషికీ వేరుగా రావాలి. ఆధార్ సైటు నుంచి దించిన ఫైలుకైతే పాస్‌వర్డు ఇంగ్లీషులో పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. మా ఊళ్లో ఎవరి ఈడు ఎవరికి తెలియదు గనక!

3. ఆధార్ ఇవ్వక తప్పకపోతే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. చివరి 4 అంకెలే కనబడతాయి.

4. ఒకసారి బయటికి పోయింది తిరిగి రాదు. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులోనే లక్షా ముప్ఫై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్, కులం, ఖాతా వివరాలు బహిరంగంగా కనబడ్డాయి. అదే ఏడాది పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల దుకాణదారు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేయించి, పరాయి పేర్లతో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఖాతా నంబరు మార్చుకోవచ్చు. వేలు ఎలా మార్చుకుంటాం?

5. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం వచ్చింది. భద్రత పాటించని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. బాగానే ఉంది గానీ ఆ డబ్బు ఖజానాకి పోతుంది, రైతుకి పైసా రాదు. అయినా నేను ఊరుకోలేదు. ఆ షీటు సంగతి రాసి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పది రోజులకి క్షమాపణ వచ్చింది, మెయిల్లోనే. పైన సీసీలో మిగతా నలభై మందీ ఉన్నారు.